వలబెండు టోపీ

రంగం నుంచి వచ్చిన ఆ ఉత్తరం మీద నా పేరుంది. అంతకుముందు మా ఇంటికొచ్చిన ఉత్తరాలన్నిటి మీదా మా ఆయన పేరే ఉండేది. టపా బంట్రోతు కాలువగట్టు మీద నిలబడి "సంపూర్ణమ్మంటే ఎవరు?" అని అడిగితే మా పేటలో ముగ్గురు ఆడవాళ్ళు తెలియదన్నారట. వాళ్ళకి నేను లాజరు పంతులుగారి ఇంటావిడని, లేకపోతే బడమ్మని. పేరు పెట్టి పిలిచే అవసరం అప్పటిదాకా ఎవరికీ పడలేదు.

రాసింది సువార్తమ్మ. మేమిద్దరం చిన్నప్పుడు ఒకే పలక మీద అక్షరాలు దిద్దాం. పెళ్ళయ్యాక మొగుడితో రంగం వెళ్ళిపోయింది. రంగూన్ పట్నాన్ని మా వైపు రంగం అనేవాళ్ళు. అక్కడి బియ్యం మిల్లుల్లో పనికి కాకినాడ రేవు నుంచి పొగ ఓడల మీద ఏటా బోలెడుమంది వెళ్ళేవాళ్ళు.

"ఇక్కడ మా మిల్లులో మన ఆడవాళ్ళం నలభైమందిమి ఉన్నాం. నాకొక్కదానికే నాలుగక్షరాలొచ్చు. నాకేమో చూపు మందగించింది. ఈ కాగితం రాయడానికి ఆరు రోజులు పట్టింది. ఇంటికి ఉత్తరం రాయించుకోవాలంటే మేస్త్రీ దగ్గరికి పోవాలి. మేస్త్రీ చేసే ఆగడాలు మేస్త్రీ చేతే రాయించుకోవాలి. ఈ ఎండాకాలం మూడు నెలలూ నువ్వొచ్చి మా మాట మా ఇళ్ళకి రాసిపెట్టు. ఇద్దరు ముగ్గురికి అక్షరాలు నేర్పి వెళ్ళు. తర్వాత మా తిప్పలు మేం పడతాం."

ఆ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదువుతూ పొయ్యి మీద అన్నం మాడబెట్టాను. దొంగ చేతికే తాళాలిచ్చి బతుకుతున్న నలభైమంది ఆడవాళ్ళు కళ్ళ ముందు కదిలారు. వెళ్ళి తీరాలనుకున్నాను. నా జన్మలో అంతగా కావాలనుకున్నది అంతకుముందు ఇంకేదీ లేదు.

ఆడదాన్ని ఒక్కదాన్నీ సముద్రం దాటించడానికి మా మిషను ఒప్పుకోదు గనక లాజరు నాకు తోడు రావాలని సంఘంలో తీర్మానం చేశారు. పుస్తకంలో మాత్రం "ఉపదేశి లాజరు, ఆయన భార్య" అని రాసుకున్నారు. వెళ్ళడం ముఖ్యం గనక ఊరుకున్నాను. అప్పటికి మినుములు పీకుతున్నారు. గోదావరి మీద రైలు వంతెన ఇంకా లేదు. పాలకొల్లు నుంచి కాలువ పడవ మీద విజ్జేశ్వరం, అక్కడ గోదావరి దాటి ధవళేశ్వరం, మళ్ళీ కాలువ మీద కాకినాడ. ఉన్న దారి అదొక్కటే. ఎండలు ముదిరితే ఆనకట్ట దగ్గర తలుపులు దించి, పూడిక తీయడానికి కాలువలు కట్టేస్తారు. నీళ్ళు లేకపోతే పడవ లేదు, పడవ లేకపోతే నా ప్రయాణం లేదు. నెలా పది రోజులు గడువుంది.

మూడో రోజున మా మిషను దొరసాని బంగళా నుంచి లాజరుకు టోపీ వచ్చింది. తెల్లగుడ్డ తొడిగిన దొర టోపీ. ముందూ వెనకా అంచు, లోపల ఆకుపచ్చ గుడ్డ. చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. లాజరు దాన్ని నెత్తిన పెట్టుకుని ఇంట్లో అటూ ఇటూ నడిచాడు. పెట్టుకునే అన్నానికి కూర్చున్నాడు.

"ఇంట్లో ఎండెక్కడుందండీ?" అన్నాను.

"అలవాటు చేసుకోవద్దూ?"

"మరి నాకేదీ?"

ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు నమిలాడు. "ఆడవాళ్ళకి ముసుగుంది కదే" అన్నాడు.

మర్నాడు దొరసాని నన్ను పిలిపించింది. ఆవిడ వైద్యం తెలిసిన మనిషి. మనసులో చెడు లేదు. రోగులకి తన మంచం ఇచ్చి కింద పడుకునేది. కానీ ఒకసారి ఏదైనా అనుకుందంటే ఇక కదిలేది కాదు.

"సంపూర్ణమ్మా, పోయిన రోహిణి కార్తెలో నువ్వు కాలువగట్టు మీద పడిపోయావు. మూడు రోజులు నీకు స్పృహ లేదు. ఓడలో మీరు పైతట్టు మీద కూర్చోవాలి. నాలుగైదు రోజులు నీడ ఉండదు. అక్కడ దిగాక మూడు నెలలు అదే ఎండ. నిన్ను పంపితే నీ చావు మీద నేను సంతకం పెట్టినట్టే."

"అయితే నాకూ టోపీ ఇప్పించండమ్మగారూ."

"మన సంఘంలో ఆడవాళ్ళు టోపీ పెట్టుకోరు. ముసుగు వేసుకుంటారు. అది మర్యాద."

ఆవిడ వెనక గోడకి మేకు ఉంది. మేకుకి ఆవిడ టోపీ వేలాడుతోంది.

"మీరు పెట్టుకుంటారు కదండీ."

"నా సంగతి వేరు" అంది. కోపం లేకుండా, ఈరోజు గురువారం అన్నట్టుగా చెప్పింది.

"ముసుగేసుకుని వెళ్తానంటే ఎండ తగులుతుందంటారు. టోపీ పెట్టుకుని వెళ్తానంటే ఆడదానివంటారు. నేనేం చెయ్యాలో చెప్పండి."

"లాజరు ఒక్కడూ వెళ్తాడు. అక్కడి మగవాళ్ళకి చదువు చెబుతాడు."

"ఉత్తరం రాసింది ఆడవాళ్ళండి. మేస్త్రీ చేతులు పడేది ఆడవాళ్ళ మీద. వాళ్ళు ఈయనతో ఏం చెప్పుకుంటారండి?"

దొరసాని ఈ మాటకి కొంచెం మెత్తబడింది. "ఎండ దిగని కాపు ఏదైనా నీ తలకి ఉందని నాకు చూపించు, ప్రయాణం కాగితం మీద సంతకం పెడతాను. అలాంటిది నువ్వు చూపించలేవు" అంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్న సామెత మా సంఘంలో అనకూడదు గానీ, నా గతి సరిగ్గా అదే అయింది.

సరే, చూపించి తీరదామని కూర్చున్నాను. కాలువగట్టు మీద ఒక తుమ్మచెట్టుంది. దానికి పదడుగుల దూరంలో, నీడ లేని చోట, మిట్టమధ్యాహ్నం పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఎవరో చెబుతుంటే రాస్తున్నట్టు ఒక ఉత్తరం మొదటినుంచి చివరిదాకా రాయాలి. అదీ పరీక్ష. మొదటి రోజు తలకి తడిగుడ్డ చుట్టుకున్నాను. ఉత్తరం సగానికి రాకుండానే ఎండి అట్టకట్టింది. రెండో రోజు సంఘపెద్ద దగ్గర నల్లగొడుగు ఎరువు తెచ్చుకున్నాను. ఒక చెయ్యి గొడుక్కి, ఒక చెయ్యి పలకకి, మరి బలపం ఏ చేత్తో పట్టుకోను?

మూడో రోజు అటక మీంచి మా అత్తగారి గిడుగు దించాను. కర్ర లేని గొడుగన్నమాట. తాటాకుతో అల్లి, ఊడుపుల్లో కూలివాళ్ళు నెత్తిన బోర్లించుకునేది. మా పేటకి చేలో గిడుగే నీడ, గిడుగే చూరు. కానీ మునసబు జగన్నాథరావుగారి వీధి మొదట్లోకి రాగానే దాన్ని తీసి ఎడమ చంకలో పెట్టుకోవాలి. తల వంచుకుని ఆయన అరుగు దాటి, వీధి చివర మళ్ళీ పెట్టుకోవాలి. కుంభవృష్టి కురుస్తున్నా అంతే. ఇది ఎవరూ ఎవరికీ చెప్పేది కాదు. పిల్లలు తల్లుల్ని చూసి నేర్చుకునేవాళ్ళు.

గిడుగు చూసి లాజరు ముఖం నల్లబడింది. "మా అమ్మ చచ్చేదాకా అది బోర్లించుకునే ఊడ్చింది. నేను చదువుకుంది నా పెళ్ళాం నెత్తిన మళ్ళీ దాన్ని పెట్టడానికా?"

"మీ అమ్మ తలని కాపాడింది కదండీ అది."

"వీధిలో కాపాడలేదు" అన్నాడు.

ఆయన సిగ్గు సంగతి అటుంచితే గిడుగు రెండు మూరల వెడల్పు. కిక్కిరిసిన ఓడలో పక్కవాళ్ళ ముక్కులు చెక్కుకుపోతాయి. గాలొస్తే నన్నే ఎత్తుకుపోతుంది. దాన్ని మళ్ళీ అటకెక్కించాను. పదిహేను రోజులు అలా కరిగిపోయాయి.

ఆ శనివారం బలపాలూ కాగితాలూ కొనడానికి ఇద్దరం పాలకొల్లు బయల్దేరాం. సంతకం పడినా పడకపోయినా కొనవలసినవి కొంటానని పట్టుబట్టాను. లాజరు టోపీ పెట్టుకున్నాడు. ముందు ఆయన, నాలుగడుగుల వెనక నేను. ఆ టోపీ కింద మనిషి నడకే మారింది. నాకూ, నిజం చెప్పాలంటే, చూడ ముచ్చటేసింది.

మునసబుగారి వీధిలోకి తిరిగాం. ఆయన అరుగు మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నాడు. పొద్దు మా వెనక ఉంది. ఆయనకి మా మొహాలు కనిపించలేదు, తెల్ల టోపీ మాత్రం కనిపించింది. చటుక్కున విసనకర్ర పడేసి, కండువా భుజాన వేసుకుంటూ సగం లేచాడు. దొరగారు వస్తున్నారనుకున్నాడు. మా జన్మలో ఆయన మాకోసం లేవబోవడం అదే మొదలు.

లాజరు అది చూడలేదు. వీధి మొదట్లోకి రాగానే ఆయన తల వంగిపోయింది. చెయ్యి దానంతటదే పైకి లేచింది. టోపీ తీసి, ఎడమ చంకలో పెట్టుకుని, గిడుగుని నొక్కినట్టు నొక్కాడు. పటుక్కుమంది.

మునసబు మళ్ళీ చతికిలబడ్డాడు. "ఓరి నీ... నువ్వట్రా లాజరూ. దొరగారనుకుని హడిలిపోయాను కదరా" అని పగలబడి నవ్వాడు. అరుగు కింద కూర్చున్నవాళ్ళు కూడా నవ్వారు.

మేం వీధి చివరిదాకా నడిచాం. అక్కడ లాజరు చంకలోంచి టోపీ తీశాడు. పక్కన జానెడు పొడవున చిట్లిపోయింది. దాన్ని నెత్తిన పెట్టుకోలేదు, చేత్తో పట్టుకునే పాలకొల్లు దాకా వచ్చాడు, చేత్తో పట్టుకునే తిరిగొచ్చాడు. గుమ్మంలో కూర్చుని కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు.

"నన్నెవరూ తియ్యమనలేదు సంపూర్ణా."

నాకు ఏడుపొచ్చింది. దాని వెనకే ఒళ్ళు మండింది. మునసబు మీద కాదు, దొరసాని మీద కాదు. ఆ చేతిమీద. ఎవరూ చెప్పకుండానే లేచే ఆ చేతిని ఎవరు పెంచారో వాళ్ళందరి మీదా.

రెండు రోజులు లాజరు గడప దాటలేదు. మూడో రోజు రత్తమ్మ వచ్చింది. రత్తమ్మ ఉప్పుటేటి పక్కన పల్లెకారుల మనిషి, మా పేటకి చేపలు తెచ్చేది. వాళ్ళ కులం పద్ధతి ప్రకారం పేట లోపలికి రాదు. గట్టు మీద తుమ్మచెట్టు కింద గంప దించి కేకేసేది. నేను టోపీకి అతుకు వేద్దామని ఆ నీడలోనే కూర్చుని ఉన్నాను. ఆవిడ కొరమీను తోముతూ తోముతూ ఆగిపోయి చెయ్యి చాచింది.

"అదేంటమ్మా, ఇలాగివ్వు."

"దొర టోపీ, రత్తమ్మా. చిట్లింది."

చిట్లిన చోట గోరు దింపి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తర్వాత మూతి విరిచింది.

"దొరలంటే బంగారంతో సేత్తారనుకున్నాను. ఇది బెండమ్మా. మా వలబెండే."

"సీమ నుంచి వచ్చిందంటారే?"

"ఎక్కణ్ణుంచో వచ్చిందేమో నాకేం ఎరిక. మా ఏటి పక్క జీలుగు ఎంతకావాలంటే అంతుంది. కోసి ఎండబెట్టి వలకి కడతాం, తేలతందని. మా సూరులో ఇప్పుడు కూడా రెండు మోపులున్నాయి. నమ్మకపోతే కాలవలో ఎయ్యి, మునుగుతాదేమో సూద్దాం."

మా ఇంట్లో రెండు వారాలకి పైగా పట్టుగుడ్డలో చుట్టి దాచిన టోపీని, మా ఆయన నడక మార్చిన టోపీని, మునసబుని సగం లేపిన టోపీని, రత్తమ్మ చేపల నెత్తురంటిన చేత్తో కాలువలోకి గిరాటేసింది. అది బాతులా తేలింది. నేను పరుగెత్తి తీసుకొచ్చాను. అప్పటికి నా బుర్రలో అంతా తేలిపోయింది.

"రత్తమ్మా, ఇది మనం కట్టగలమా?"

"సిన్న వలకే నూటపాతిక బెండ్లు సెక్కుతాను నేను. తలకాయంత ముక్క సెక్కలేనా?"

నా తల కొలతకి అచ్చు కావాలి. పాలకొల్లు సంతలో కుండల దగ్గర కూర్చుని చట్టి తర్వాత చట్టి నెత్తిన బోర్లించుకుని చూశాను. కుమ్మరాయన ముక్కు మీద వేలేసుకున్నాడు. "అమ్మా, ఆ చట్టిలో పులుసు కాస్తారండి, బుర్ర కాయరు" అన్నాడు. పదకొండోది అతికినట్టు సరిపోయింది.

రత్తమ్మ పనితనం అప్పుడు చూశాను. మణికట్టంత లావు బెండు తీసుకుని పై బెరడు గీకేది. కత్తిని కదలనిచ్చేది కాదు. కత్తిని నిలిపి బెండుని తిప్పేది. పాలమీగడ లాంటి పొర చుట్టచుట్టుకుంటూ ఊడి వచ్చేది. నేను చింతపిక్కలు నానేసి, రుబ్బి, జిగురు ఉడకబెట్టాను. చట్టి మీద పొర మీద పొర వేసి అతికించాం. అంచు మాత్రం అంతా బెండైతే నిలవలేదు. మా అత్తగారి గిడుగు అంచు కోసి, ఆ తాటాకు ఈనెల్ని మధ్యలో పెట్టి కట్టాను. కోస్తున్నప్పుడు లాజరు గుమ్మంలోంచి చూశాడు.

మొదటి టోపీ త్వరగా ఆరాలని ఎండలో పెట్టాను. సాయంత్రానికి బీటలు వారి, చట్టిని వదిలేసి లేచిపోయింది. రత్తమ్మ నడుం మీద చెయ్యేసుకుని చూసి, "ఎండకి కాసేదాన్ని ముందు నువ్వు ఎండకి కాసుకోవాలి కదమ్మా" అంది. రెండోదాన్ని నీడలో అయిదు రోజులు ఆరబెట్టాం. ఈలోగా కాలువలు కట్టేస్తున్నారని పాలకొల్లులో దండోరా వేశారు. ఆఖరి పడవకి ఎనిమిది రోజులుంది.

పైన తొడగడానికి తెల్లగుడ్డ వెతుకుతుంటే లాజరు పెట్టె తెరిచి తన మంచి పంచె తెచ్చి నా ముందు పెట్టాడు. పెళ్ళిలో కట్టుకున్నది, ఆదివారం తప్ప తియ్యడు.

"దీన్ని చింపనా?"

"చింపు" అన్నాడు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "నాదాన్ని కూడా అతకమను రత్తమ్మని" అన్నాడు.

మూడు మధ్యాహ్నాలు ఆ టోపీ పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాను. నలభై ఉత్తరాలు రాశాను, ఊహించి. పెద్దకూతురికి జ్వరం తగ్గిందా, మా అమ్మ ఉందా పోయిందా, మేస్త్రీ ఇలా చేస్తున్నాడు, మా అన్నని పంపించు. మాడు చల్లగా ఉంది. కళ్ళు తిరగలేదు.

దొరసాని ముందు టోపీ పెట్టుకునే నిలబడ్డాను.

"ఎక్కడిది?" అంది.

"మా ఉప్పుటేటి పక్క జీలుగు బెండు అమ్మగారూ. రత్తమ్మా నేనూ కట్టాం. మూడు రోజులు మిట్టమధ్యాహ్నం మూడేసి గంటలు కూర్చున్నాను. కావాలంటే మా పేటనంతా సాక్ష్యం పిలిపించండి."

ఆవిడ నా టోపీ తీసుకుని లోపలా బయటా చూసింది. తర్వాత మేకుకున్న తన టోపీ తీసింది. ఒక చేతిలో నాది, ఒక చేతిలో తనది పట్టుకుని తూచినట్టు చేసింది.

"మీది కూడా అదేనండి. ఆ ఆకుపచ్చ గుడ్డ ఎత్తి చూడండి" అన్నాను.

ఎత్తి చూసింది. కుర్చీలో కూర్చుని కాగితం తీసి సంతకం పెట్టింది. ఆడిన మాట తప్పే మనిషి కాదు. కాగితం నా చేతికిస్తూ మాత్రం అంది.

"ఓడ ఎక్కాక పెట్టుకో. ఈ ఊళ్ళో వద్దు. బడి స్థలం గురించి మునసబుతో మాకు మాటలు నడుస్తున్నాయి. మంచికే చెబుతున్నాను."

"ఎండ ఓడలో మొదలవదమ్మగారూ. మా గడపలో మొదలవుతుంది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆవిడ తల తిప్పుకుని కలం తుడుచుకుంది.

బయల్దేరిన రోజు పొద్దు బారెడెక్కింది. పడవ ఆగే రేవుకి దారి మునసబుగారి వీధిలోంచే. లాజరు గుమ్మం ముందు కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగాడు.

"చేల మీదుగా పోదామా? కొంచెం చుట్టయినా..."

"మీరు పొండి. నేను వీధిలోంచి వస్తాను."

"నన్ను చంపుతావే నువ్వు."

అతుకు వేసిన ఆయన టోపీని నేనే ఆయన తలమీద పెట్టి, గడ్డం కింద తాడు కట్టాను. కుడిచేతికి బట్టల మూట ఇచ్చాను. ఎడమచేతికి గిన్నెల మూట ఇచ్చాను. పలకల సంచీ నేను తీసుకున్నాను. ఎందుకలా ఇచ్చానో ఆయనకి తెలుసు. రెండు మూటల్నీ ఒకసారి చూసుకుని, నన్ను చూసి, నడిచాడు. ఈసారి వెనక కాదు, ఆయన పక్కనే నేను. సాగనంపడానికి పేట ఆడవాళ్ళు పదిమంది వెంట వచ్చి వీధి మొదట్లో ఆగిపోయారు. రత్తమ్మ మాత్రం చేపల గంప నెత్తిన పెట్టుకుని, నాలుగడుగుల ఎడంగా, మాతో పాటే వచ్చింది.

అరుగు మీద మునసబు రెండు తెల్ల టోపీలు చూశాడు. దొరగారూ దొరసానిగారూ అనుకున్నాడు. కండువా వేసుకుని ఈసారి పూర్తిగా లేచి నిలబడ్డాడు. మేం దగ్గరికొచ్చాక మొహాలు కనిపించాయి.

"ఏమే, నెత్తిన అదేంటి?"

"టోపీ అండి."

"తీసి మాట్లాడు."

"ఎండగా ఉందండి" అన్నాను. అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అరవలేదు, గొణగలేదు. వెళ్ళొస్తామండి అని కూడా అన్నాను.

ఆయన లాజరు వైపు తిరిగాడు. "ఏరా, దానికి బుద్ధి లేకపోతే నీకేమైందిరా?"

నా పక్కన గిన్నెల మూట గలగలమంది. లాజరు భుజం పైకి లేవడం నాకు కంటి కొసతో కనిపిస్తోంది. మూట మోకాలి దాకా వచ్చింది, తొడ దాకా వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. మూట మళ్ళీ కిందికి దిగిన చప్పుడు వినిపించింది.

"చేతులు ఖాళీ లేవు బాబూ" అన్నాడు లాజరు.

"మూటలు కింద పెట్టరా."

"పడవ వెళ్ళిపోద్దండి" అన్నాడు, నడిచాడు.

వెనక్కి తిరిగి చూడకూడదనుకున్నాను గానీ వీధి చివర చూశాను. మునసబు ఇంకా నిలబడే ఉన్నాడు. కూర్చోవాలో కేకేయాలో తెలియనట్టు కండువా పట్టుకుని ఉన్నాడు.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. రంగంలో నూట డెబ్బై ఉత్తరాలు రాశాను. వాటిలో ఒకటి ఎవరింటికో కాదు, మిల్లు దొరకే రాశాం, నలభైమంది వేలిముద్రలతో. దాంతో ఆ మేస్త్రీ ఉద్యోగం పోయింది. సువార్తమ్మ కాక మరో ముగ్గురికి అక్షరాలొచ్చాయి. ఇక్కడేమో మునసబు మా పేటని ఊడుపులకి పిలవనన్నాడు. తొలకరి పడ్డాక తొమ్మిది రోజులు బిగబట్టాడు. ఆ తొమ్మిది రోజులూ పేటలో పొయ్యిలు సరిగా వెలగలేదు, నన్ను తిట్టినవాళ్ళు తిట్టారు. నేను తప్పు పట్టను. మడిలో నారు ముదిరిపోతుంటే పదో రోజున ఆయనే కబురు పంపాడు. జోరున వాన కురుస్తుంటే ఆడవాళ్ళు గిడుగులు నెత్తిన పెట్టుకునే ఆ వీధిలోంచి చేలోకి వెళ్ళారట. మొదట తియ్యడం మానింది ఎవరని తిరిగొచ్చాక అడిగాను. ఎవరికి వాళ్ళు పక్కవాళ్ళ పేరు చెప్పారు.

ఆ రోజు మాత్రం మాకివేవీ తెలియవు. పడవ ఎక్కాం. రత్తమ్మ గట్టు మీంచి "బెండు తడిస్తే నీడలో ఆరబెట్టుకోండి" అని కేకేసింది. మొదటి లాకు దాటేదాకా లాజరు మూటలు కింద పెట్టలేదు. పడవవాడు నవ్వి, "పంతులుగారూ, ఇక్కడ దొంగలెవరూ లేరండి" అన్నాడు. అప్పుడు దించాడు. వేళ్ళు వంకర్లు పోయి ఎర్రగా కందాయి. ఖాళీ అయిన ఎడమచెయ్యి నెమ్మదిగా పైకి లేచి తల తడుముకుంది.

"ఉందా?" అన్నాడు.

"ఉంది" అన్నాను.

టోపీ అంచు కళ్ళ మీదికి లాక్కుని కాలువ వైపు తిరిగి కూర్చున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నలుగురిలో మగవాడు ఏడవడానికి కూడా ఆ అంచు బాగానే పనికొచ్చింది. నేను సంచీలోంచి పలక తీసి, నా టోపీ సరిచేసుకుని, ఆయనకి ఎండ తగలకుండా కొంచెం ఇటు జరిగి కూర్చున్నాను.